గడ్డిపెళ్ళల ఇళ్ళు, గాజుపలకల సాక్ష్యం

అమెరికా దేశానికి నడిమధ్యన నెబ్రాస్కా రాష్ట్రం ఉంది. ఆ రాష్ట్రానికి నడిమధ్యన కస్టర్ కౌంటీ ఉంది. కౌంటీ అంటే మన లెక్కలో ఒక జిల్లా అనుకోవచ్చు. విస్తీర్ణం 2,576 చదరపు మైళ్ళు. 2020 జనాభా లెక్కల్లో అక్కడ తేలిన మనుషులు 10,545 మంది. మన వైపు ఒక పెద్ద పంచాయతీలో ఉండేంత జనం. అంటే చదరపు మైలుకు నలుగురు. సరిగ్గా నూరేళ్ళ కిందట, 1920లో, ఇదే కౌంటీలో 26,407 మంది ఉండేవారు. నూటికి అరవై మంది తగ్గిపోయారన్నమాట. యుద్ధం రాలేదు, కరువుతో ఊళ్ళకు ఊళ్ళు చచ్చిపోలేదు, ఆనకట్ట కట్టి ముంచేయలేదు. అయినా జనం పోయారు.

జనం ఒక చోటికి ఎందుకు వస్తారు, వచ్చి ఎలాంటి ఇల్లు కట్టుకుంటారు, ఆ ఇల్లు తర్వాత ఏమవుతుంది? వలస వచ్చి స్థిరపడిన ఏ సమాజాన్నైనా ఈ మూడు ప్రశ్నలూ అడగవచ్చు. చాలా చోట్ల వీటికి జవాబులు దొరకవు. రాజుల కోటలు మిగులుతాయి, గుళ్ళు మిగులుతాయి, మొదట వచ్చినవాడి గుడిసె మిగలదు. కస్టర్ కౌంటీలో కూడా మిగలలేదు. కానీ అక్కడ ఒక విచిత్రం జరిగింది. ఆ గుడిసెలు ఇంకా నిలబడి ఉండగానే, వాటి ముందు కుటుంబాలకు కుటుంబాలను నిలబెట్టి ఫొటోలు తీసిన మనిషి ఒకడున్నాడు. ఇళ్ళు మట్టిలో కలిసిపోయినా వాటి నీడలు గాజుపలకల మీద మిగిలాయి. అందువల్ల ఆ కౌంటీ కథ మనం కళ్ళారా చూసి చదువుకోగల కథ అయింది.

మొదటి మట్టి ఇళ్ళు

ఏ కౌంటీ చరిత్ర పుస్తకం తెరిచినా 'మొదటి నివాసి' అని ఒక తెల్లవాడి పేరు కనిపిస్తుంది. అక్కడే మొదటి పొరపాటు. ఈ ప్రాంతంలో పారే మిడిల్ లూప్, సౌత్ లూప్ నదులు తూర్పున కలిసి ఒకటవుతాయి. ఆ దిగువ లోయలో పానీ జాతివాళ్ళకు పెద్ద పెద్ద ఊళ్ళుండేవి. వాళ్ళు మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించేవాళ్ళు. ఏడాదికి రెండుసార్లు పడమటి మైదానాలకు అడవిదున్నల వేటకు పోయేవాళ్ళు. లకోటావాళ్ళు కూడా ఈ మైదానాల్లో వేటాడేవాళ్ళు. రెండు జాతులకూ తరతరాల వైరం.

పానీవాళ్ళ ఇల్లు గుండ్రంగా ఉండేది. నడుమ నిట్టాళ్ళు పాతి, వాటి మీద దూలాలు వేసి, చుట్టూ వాసాలు వాల్చి, వాటిపైన విల్లో కొమ్మలు పరిచి, ఆపైన ఎండుగడ్డి, అన్నిటికీ పైన గడ్డితో సహా పెళ్ళగించిన మట్టి కప్పేవారు. ద్వారం తూర్పుముఖం. నడినెత్తిన పొగ పోవడానికి ఒక కంత. ఎండాకాలం చల్లగా, మంచుకాలం వెచ్చగా ఉండే ఇల్లు. చెట్లు కరువైన మైదానంలో మనిషి వందల ఏళ్ళుగా సాధించుకున్న విద్య అది.

1857 ఒప్పందంతో పానీవాళ్ళు తమ నేలలో చాలా భాగం వదులుకుని లూప్ నది పక్కన ఒక చిన్న రిజర్వేషనుకు పరిమితమయ్యారు. 1873లో వేటకు పోయినప్పుడు లకోటావాళ్ళ చేతిలో ఘోరంగా దెబ్బతిన్నారు. ఆ తర్వాత రెండు మూడేళ్ళలో మొత్తం జాతి దక్షిణాన ఇప్పటి ఓక్లహోమాకు తరలిపోయింది. ఒకప్పుడు వేలల్లో ఉన్న జనం 1900 నాటికి కొన్ని వందలకు పడిపోయారు. వాళ్ళు వెళ్ళిన మరుసటి ఏడాదే, 1877లో, కస్టర్ కౌంటీ ఏర్పడింది. అంతకు ముందు ఏడాది లిటిల్ బిగ్‌హార్న్ దగ్గర లకోటా, షయెన్ యోధుల చేతిలో చనిపోయిన సైన్యాధికారి జార్జ్ కస్టర్ పేరు దానికి పెట్టారు. ముఖ్యపట్టణం పేరు బ్రోకెన్ బో, అంటే విరిగిన విల్లు. పోస్టాఫీసు కోసం ఒక సెటిలర్ పంపిన పేర్లన్నీ పైవాళ్ళు తిప్పికొడితే, పాత ఇండియన్ విడిది దగ్గర దొరికిన విరిగిన విల్లును చూసి ఆ పేరు రాసి పంపాడని అక్కడ చెప్పుకుంటారు. గెలిచిన పక్షం సైన్యాధికారి కౌంటీకి పేరైతే, ఓడిన పక్షం ఆయుధం ఊరికి పేరయింది.

పద్దెనిమిది డాలర్ల భూమి

ఆ నేల మీదికి రైతును రప్పించింది ఒక చట్టం. 1862 మే 20న లింకన్ సంతకం పెట్టిన హోమ్‌స్టెడ్ చట్టం. ఇరవై ఒక్క ఏళ్ళు నిండినవారు గానీ, కుటుంబ పెద్ద గానీ, అమెరికా పౌరులైనా పౌరసత్వం కోరుకుంటున్నామని ప్రకటించినవారైనా, 160 ఎకరాల ప్రభుత్వ భూమికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. రుసుములన్నీ కలిపి 18 డాలర్లు. అయిదేళ్ళు ఆ భూమి మీద కాపురముండాలి, సాగు చెయ్యాలి. గడువు తీరాక ఇద్దరు సాక్షులను తీసుకుపోయి నిరూపించుకుంటే పట్టా.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఈ చట్టంలో ఇల్లు అంటే తలదాచుకునే చోటు మాత్రమే కాదు, అది ఒక రుజువు. ఇల్లు లేకపోతే కాపురం లేదు, కాపురం లేకపోతే భూమి లేదు. అందుకే వచ్చినవాడు మొదట చేసే పని ఏదో ఒక ఇల్లు లేపడం. అదే తర్కంతో చూస్తే పానీవాళ్ళ మట్టి ఇళ్ళు అంతకన్నా గొప్ప రుజువులు. ఆ రుజువును విచారించే ఆఫీసు మాత్రం ఎక్కడా లేదు.

పానీవాళ్ళ తర్వాత, రైతులకన్నా ముందు, టెక్సాస్ నుంచి పశువుల మందలతో పెద్ద ఆసాములు వచ్చారు. కంచె లేని మైదానమంతా తమ మేత అనుకున్నారు. రైతు వచ్చి మొక్కజొన్న వేస్తే మంద వచ్చి తినిపోయేది. ఈ తగువు 1878లో రక్తపాతం దాకా వెళ్ళింది. ప్రింట్ ఆలివ్ అనే టెక్సాస్ ఆసామి తమ్ముడు లూథర్ మిచెల్, ఏమి కెచమ్ అనే ఇద్దరు రైతులను అరెస్టు చెయ్యబోయి కాల్పుల్లో చనిపోయాడు. డిసెంబరు 10న ఆలివ్ మనుషులు ఆ రైతులిద్దరినీ ఉరితీశారు. శవాలు కాలిపోయి దొరికాయి. 1879లో హేస్టింగ్స్‌లో జరిగిన విచారణలో ఆలివ్‌కు యావజ్జీవ శిక్ష పడింది. విచారణ జరగవలసిన చోట జరగలేదని రాష్ట్ర సుప్రీంకోర్టు 1880లో ఆ తీర్పు కొట్టేసింది. ఆలివ్ బయటికి వచ్చాడు. న్యాయం సంగతి ఎలా ఉన్నా, ఆసాముల రోజులు మాత్రం అయిపోయాయి. 1880లో కౌంటీ జనాభా 2,211. 1886లో బర్లింగ్‌టన్ రైలు బ్రోకెన్ బో చేరింది. 1890 నాటికి జనాభా 21,677. పదేళ్ళలో దాదాపు పదింతలు.

ఇల్లు కట్టే విధానం

ఇంతమందికి ఇళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయి? చెట్లు నదుల పక్కన, వంకల పక్కన తప్ప లేవు. రైలు వచ్చేదాకా కలప తేవాలంటే రోజుల తరబడి బండి ప్రయాణం. రాయి లేదు. ఇటుక కాల్చడానికి వంటచెరకే లేదు. పొయ్యిలోకి మైదానంలో ఏరుపిడకలు ఏరుకొచ్చి, మొక్కజొన్న బెండ్లు దాచుకుని గడిపేవారు. ఉన్నదల్లా నేల. ఆ నేల మీద ఎన్నడూ నాగలి పడలేదు. వేల ఏళ్ళుగా పెరిగిన గడ్డి వేళ్ళు అల్లుకుపోయి పై పొర చాపలాగా గట్టిపడి ఉంది.

'మిడత నాగలి' అని పిలిచే ఒక రకం నాగలితో ఆ పై పొరను పన్నెండు, పద్నాలుగు అంగుళాల వెడల్పు, సుమారు నాలుగు అంగుళాల మందం పట్టీలుగా చీల్చేవారు. ఆ పట్టీలను పారతో రెండు మూడు అడుగుల పొడవు ముక్కలు కోసేవారు. ఆ గడ్డిపెళ్ళలే ఇటుకలు. గడ్డి వైపు కిందికి, వేళ్ళ వైపు పైకి ఉండేట్టు, అతుకు మీద అతుకు రాకుండా వరసలు పేర్చేవారు. కొన్ని వరసలకొకసారి పెళ్ళలను అడ్డంగా తిప్పి వేసి గోడను బిగించేవారు. రెండు మూడడుగుల మందం గోడ. కిటికీ గూళ్ళు ఎంత లోతుగా ఉండేవంటే వాటిలో పిల్లలు కూర్చుని ఆడుకునేవారు, తల్లులు పూలకుండీలు పెట్టుకునేవారు. పదహారడుగులకు ఇరవై అడుగుల ఇంటికి సుమారు అర ఎకరం నేల పై పొర పట్టేది. ఈ గడ్డిపెళ్ళకు జనం పెట్టుకున్న వెటకారపు పేరు 'నెబ్రాస్కా పాలరాయి'.

గోడ బాగానే నిలిచేది. బాధంతా కప్పుతోనే. నడిమి దూలం మీద వాసాలు, వాటిపైన విల్లో కొమ్మలు, గడ్డి, ఆపైన మళ్ళీ గడ్డిపెళ్ళలు. పానీవాళ్ళ ఇంటి కప్పుకు వాడిన సరుకే, అదే వరస. రాయలసీమలో, బళ్ళారి వైపు మట్టిమిద్దెల్లో పెరిగినవారికి మిగతాది చెప్పనక్కరలేదు. వాన బయట ఒకరోజు కురిస్తే లోపల మూడు రోజులు కురిసేది. పొయ్యి మీద గొడుగు పట్టుకుని వంట చేసిన ఇల్లాళ్ళున్నారు. మట్టి రాలకుండా, పాములూ ఎలుకలూ పళ్ళెంలో పడకుండా కప్పు కింద ముతక గుడ్డ కట్టేవారు. చేతిలో కాస్త డబ్బాడితే లోపలి గోడలను నున్నగా చెక్కి, బంకమట్టీ బూడిదా కలిపి మెత్తేవారు. కట్టుకోవడానికి చేతనైనంత డబ్బు కూడా లేనివారు గుట్టవాలులోకి తొలిచి, ముందు గోడ ఒక్కటి లేపి కాపురం పెట్టేవారు.

ఇల్లే కాదు, బడీ గుడిసే. 1888 జనవరి 12న పట్టపగలు మంచుతుఫాను విరుచుకుపడింది. ఉదయం హాయిగా ఉంటే పిల్లలు పల్చటి బట్టలతో బడికి పోయారు. పక్కనున్న వ్యాలీ కౌంటీలో ఒక గడ్డిపెళ్ళల బడి కప్పు ఎగిరిపోతే, మిన్నీ ఫ్రీమన్ అనే యువతి, ఆ బడి పంతులమ్మ, పదిమందికి పైగా పిల్లలను ఆ తెల్లచీకటిలో నడిపించి సురక్షితంగా ఒక ఇంటికి చేర్చింది. ఆ రోజు మైదానాల్లో అంత అదృష్టం లేని పిల్లలు చాలామంది.

ఫొటో తీసినవాడు

సాలొమన్ బుచర్ 1856లో పుట్టాడు. 1880లో తండ్రితో పాటు కస్టర్ కౌంటీకి వచ్చి తనూ ఒక భూమికి దరఖాస్తు పెట్టాడు. రెండు వారాలు తిరక్కముందే ఈ బతుకు తనవల్ల కాదని తేల్చుకున్నాడు. వైద్యం చదవబోయాడు, అదీ సాగలేదు. పెళ్ళి చేసుకుని తిరిగివచ్చి చిన్న ఫొటో దుకాణం పెట్టాడు, పోస్టాఫీసు నడిపాడు. లోకం లెక్కలో ఏ పనిలోనూ కుదురుకోని మనిషి. 1886లో అతనికి ఒక ఆలోచన వచ్చింది: ఈ కౌంటీకి మొదట వచ్చినవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు, వాళ్ళ మొదటి ఇళ్ళు ఇంకా నిలిచే ఉన్నాయి; ఈ రెండూ పోకముందే ఫొటోలతో చరిత్ర రాయాలి. బండి కట్టుకుని, బరువైన గాజుపలకలు వేసుకుని, ఇల్లిల్లూ తిరిగాడు. ఎవరింట దిగితే వాళ్ళే తిండి పెట్టారు, గుర్రాలకు మేత వేశారు.

1899లో అతని ఇల్లు కాలిపోయింది. రాసుకున్న రాతప్రతులూ, అచ్చువేసుకున్న ఫొటోలూ బూడిదయ్యాయి. గాజు నెగటివ్‌లు వేరే చోట ఉండబట్టి బతికాయి. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టి, స్వెయిన్ ఫించ్ అనే పశువుల ఆసామి పెట్టుబడి పెడితే, 1901లో కస్టర్ కౌంటీ తొలి నివాసుల చరిత్ర అచ్చువేశాడు. ఆ తర్వాత పదేళ్ళకు నెగటివ్‌లన్నీ రాష్ట్ర చరిత్ర సంఘం చేతికి వచ్చాయి. మూడు వేలకు పైగా పలకలు. 1927లో చనిపోయేనాటికి తాను జీవితంలో ఓడిపోయాననే అతని నమ్మకం. ఇవాళ అమెరికాలో వలసరైతు బతుకు గురించి ఏ బడిపుస్తకం తెరిచినా అతని బొమ్మ ఒకటి కనిపిస్తుంది.

ఆ బొమ్మలను చూడడంలో ఒక మెళకువ ఉంది. 1886లో సార్జెంట్ ఊరి ఉత్తరాన తీసిన రాడింగ్ కుటుంబం బొమ్మ చూడండి. ఇంటి ముందు బల్ల, బల్ల మీద కోసిన పుచ్చకాయ, చుట్టూ కుటుంబం, వెనక ఇంటి కప్పు మీద ఆవు! ఇల్లు గుట్టలోకి తొలిచింది కాబట్టి ఆవుకు అది కప్పో నేలో తెలియదు. హిల్టన్ అనే మరో కుటుంబం ఉంది. తూర్పున ఉన్న బంధువులకు ఫొటో పంపాలి, కానీ గడ్డిపెళ్ళల ఇల్లు కనబడితే ఆ ఇల్లాలికి నామోషీ. ఇంట్లో ఉన్న ఆర్గాన్ పెట్టెను బయట పశువుల దొడ్డి దగ్గరికి మోయించి, దాని చుట్టూ నిలబడి ఫొటో తీయించుకున్నారు. ఊరు వదిలి దూరదేశంలో ఉన్నవాళ్ళు ఇంటికి రాసే ఉత్తరాల్లో ఏం రాస్తారో, ఏం రాయరో తెలిసినవారికి ఆ బొమ్మ నవ్వు తెప్పించదు.

బుచర్‌ను గుడ్డిగా నమ్మడానికీ లేదు. కొన్ని నెగటివ్‌ల మీద లేని బాతులను తనే గీశాడు. పాత రోజుల్లో రైతులు ముసుగులేసుకుని ఆసాముల కంచెలు తెంచిన ఘట్టాన్ని ఏళ్ళ తర్వాత మనుషులను పెట్టి ఆడించి ఫొటో తీశాడు. చరిత్రకారుడు సాక్షిని ప్రశ్నించినట్టే ఫొటోనూ ప్రశ్నించాలి. అయినా ఆ నామోషీ, ఆ ఆర్గానూ, ఆ పుచ్చకాయా అబద్ధాలు కావు. జనం తమను ఎలా చూడమని అడిగారో అదీ చరిత్రే.

ఇద్దరన్నదమ్ములు, నలుగురక్కచెల్లెళ్ళు

1887లో వెస్టర్‌విల్ దగ్గర తీసిన బొమ్మలో జెరీ షోర్స్ కుటుంబం ఉంది. షోర్స్ ఒకప్పటి బానిస. అంతర్యుద్ధం తర్వాత విముక్తి పొంది ఇక్కడికొచ్చి భూమి సంపాదించుకున్నాడు. అతని సోదరుడు మోజెస్ కుటుంబం బొమ్మ కూడా ఉంది. అతని ఇంటిపేరు షోర్స్ కాదు, స్పీస్. ఒకే తల్లి బిడ్డలకు రెండు ఇంటిపేర్లేమిటంటే, బానిసలకు యజమాని పేరే ఇంటిపేరు. ఇద్దరినీ వేరువేరు యజమానులు ఏలుకున్నారు. ఇంటిపేరు చెబితే ఊరూ గోత్రమూ చెప్పినట్టే భావించే మనకు ఈ ఒక్క సంగతి బానిసత్వం గురించి ఒక పుస్తకమంత చెబుతుంది. ఆ రెండు కుటుంబాలూ గడ్డిపెళ్ళల ఇళ్ళ ముందు, తమ సొంత నేల మీద నిలబడి కెమెరా వంక సూటిగా చూస్తున్నారు. ఆ ఇల్లు వాళ్ళకు నామోషీ కాదు.

మరో బొమ్మ క్రిస్‌మన్ అక్కచెల్లెళ్ళది, 1886. నలుగురు ఆడపిల్లలు, వెనక ఒక గడ్డిపెళ్ళల ఇల్లు, పక్కన గుర్రాలు. హోమ్‌స్టెడ్ చట్టం పెళ్ళికాని ఆడవారికి కూడా భూమి ఇచ్చింది. పెళ్ళయిన స్త్రీకి భర్త బతికుండగా ఆ హక్కు లేదు. ఆ రోజుల్లో చాలా దేశాల్లో ఆడది సొంతపేరు మీద భూమి అడగడమే వింత. ఈ అక్కచెల్లెళ్ళలో లిజీ 1887లో, లూటీ మరుసటేడు దరఖాస్తు పెట్టుకున్నారు. వంతులు వేసుకుని ఒకరి ఇంట్లో ఒకరు తోడు పడుకునేవారు. అందరికన్నా చిన్నది జెనీ రూత్. ఆమెకు ఇరవై ఒకటి నిండేసరికి 1892 వచ్చింది. అప్పటికి పంచడానికి భూమి మిగల్లేదు. ఈ చట్టం తెరిచిన తలుపు ఒకే తరానికి తెరుచుకుని మూసుకుపోయిందని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

నోటికి తాళం

ఈ వలసరైతుల్లో ఇంగ్లీషు మాట్లాడేవారే అందరూ కారు. బ్రోకెన్ బోకు ఈశాన్యాన ఎత్తు నేల మీద ఫ్రెంచి మాట్లాడే బెల్జియన్లూ ఫ్రెంచివాళ్ళూ స్థిరపడ్డారు. నెబ్రాస్కా అంతటా జర్మన్లు, చెక్కులు, స్వీడన్ వాళ్ళు, డేన్లు తమ భాషలో బడులూ పత్రికలూ చర్చీలూ నడుపుకున్నారు. 1910 జనగణనలో విదేశంలో పుట్టినవారి మాతృభాష ఏదని కూడా అడిగి రాసుకున్నారు.

మొదటి ప్రపంచయుద్ధంతో గాలి మారింది. జర్మన్ మాట వినబడితే దేశద్రోహమన్నారు. 1919లో నెబ్రాస్కా శాసనసభ ఒక చట్టం చేసింది: ఎనిమిదో తరగతి పూర్తికాని పిల్లలకు ఇంగ్లీషు తప్ప మరే భాషా ఏ బడిలోనూ నేర్పకూడదు. మరుసటేడు ఇంగ్లీషే అధికార భాష అని రాష్ట్ర రాజ్యాంగంలోనే రాసుకున్నారు. 1920 మే నెలలో హామిల్టన్ కౌంటీలోని ఒక లూథరన్ బడిలో రాబర్ట్ మేయర్ అనే పంతులు పదేళ్ళ పిల్లవాడికి బైబిలు కథ జర్మన్‌లో చదివిస్తూ పట్టుబడ్డాడు. 25 డాలర్ల జరిమానా. ఆయన కట్టనన్నాడు. రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా జరిమానా సరైనదేనంది. కేసు దేశ సుప్రీంకోర్టు దాకా పోయింది. 1923 జూన్ 4న ఏడుగురు న్యాయమూర్తులు ఒకవైపు, ఇద్దరు మరోవైపు నిలిచి, ఆ చట్టం చెల్లదన్నారు. బిడ్డకు ఏం నేర్పించాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ తల్లిదండ్రులకుంది, నేర్పే స్వేచ్ఛ పంతులుకుంది అన్నారు.

తీర్పు గెలిచింది, భాష గెలవలేదు. నాలుగేళ్ళు మూతపడిన నోళ్ళలో చాలా నోళ్ళు మళ్ళీ తెరుచుకోలేదు. తాతలు జర్మన్ లోనో చెక్ లోనో మాట్లాడితే మనవలు ఇంగ్లీషులో జవాబు చెప్పే రోజులు తొందరలోనే వచ్చాయి. మన రాజ్యాంగంలో 1956లో చేరిన 350-ఎ అధికరణం భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించమంటుంది. ఆ అధికరణం ఉన్నచోట కూడా ఏం జరుగుతోందో ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పేదేముంది! చట్టం తలుపు తీసి పెట్టగలదు. ఇంట్లో మాట్లాడవలసింది ఇంటివాళ్ళే.

ఖాళీ అయిన ఇల్లు

కస్టర్ కౌంటీ పడమటి కొసన నూరో రేఖాంశం పోతుంది. ఆ గీతకు పడమరగా వానను నమ్మి సేద్యం చెయ్యలేమని జాన్ వెస్లీ పావెల్ 1878లోనే నివేదిక రాశాడు. 1880లలో వానలు బాగా పడ్డాయి కాబట్టి ఎవరూ వినలేదు. నాగలి పోయినచోటికి వాన వస్తుందని ప్రచారం చేసినవాళ్ళూ ఉన్నారు. 1890లో, 1894లో వానలు ముఖం చాటేశాయి. ఎత్తు నేలల్లో బావి తవ్వితే నీళ్ళు పడడానికి వందల అడుగులు పోవాలి. అప్పుల్లో పడిన రైతులు కొత్త పార్టీ పెట్టుకుని, గడ్డిపెళ్ళల ఇంట్లో కాపురమున్న ఓమర్ కెమ్‌ను 1890 ఎన్నికల్లో గెలిపించి వాషింగ్టన్ పంపారు. అయినా చాలామంది బండ్లు వెనక్కి తిప్పారు. 1900 నాటికి జనాభా 19,758కి దిగింది.

మళ్ళీ మంచి వానలూ, యుద్ధకాలపు ధరలూ వచ్చి 1920 నాటికి 26,407 అయింది. అదే శిఖరం. 1930లో 26,189. ఆ తర్వాత పదేళ్ళ అనావృష్టి, ధరల పతనం. 1940లో 22,591. వానలు తిరిగివచ్చినా జనం రాలేదు. ఈసారి కారణం వాన కాదు, ట్రాక్టరు. నలుగురు చేసే పని ఒకడు చేస్తే మిగతా ముగ్గురి 160 ఎకరాలూ ఆ ఒక్కడి చేతికే వస్తాయి. ఫ్రాంక్ జైబాక్ 1952లో పేటెంటు పొందిన తిరిగే నీటిగొట్టం యంత్రం భూగర్భజలాన్ని తోడి పొలమంతా గుండ్రంగా చల్లడం మొదలుపెట్టాక పంట పెరిగింది, మనుషుల అవసరం ఇంకా తగ్గింది. 1960లో 16,517; 1990లో 12,270. సేద్యం చెడి ఊరు ఖాళీ కావడం మనకు తెలుసు. ఇక్కడ సేద్యం బాగుపడి ఊరు ఖాళీ అయింది.

ఇళ్ళ మాట ఏమిటి? రైలు కలప తెచ్చిన కొద్దీ జనం చెక్క ఇళ్ళకు మారారు. కప్పు తీసేసిన గడ్డిపెళ్ళల గోడ కొన్ని వానలకు కరిగి దున్నిన చేనులో కలిసిపోయింది. బెల్జియం నుంచి వచ్చిన ఇసడోర్ హోమాంట్ 1880ల మధ్యలో సుమారు 500 డాలర్లు పెట్టి గడ్డిపెళ్ళలతోనే రెండంతస్తుల ఇల్లు, మూలల్లో గుండ్రటి బురుజులతో సహా, కట్టాడు. ఎనభై ఏళ్ళకు పైగా నిలిచిన ఆ ఇంటిని 1967లో కూల్చేశారు. కామ్‌స్టాక్ దగ్గర విలియం డౌస్ 1900లో కట్టిన ఇల్లు ఇంకా ఉంది. ఆ కుటుంబం 1959 దాకా అందులోనే ఉండి ఖాళీ చేసింది. పాడుపడిన ఆ ఇంటిని 1980ల మొదట్లో ఆయన కొడుకు ఊరివాళ్ళ సాయంతో బాగుచేయించాడు. ఇప్పుడది జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో ఉంది. వేల ఇళ్ళలో మిగిలినవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. అవి కూడా ఒక కొడుక్కి తండ్రి ఇంటి మీద మమకారం కలగబట్టి మిగిలాయి.

హోసూరు వైపు, మదురై వైపు, కోలారులో, బరంపురంలో, నాగపూరులో, యానాంలో మన పూర్వులు కట్టుకున్న మొదటి ఇళ్ళు కూడా మట్టివే. ఆ నేలకు మనకన్నా ముందు ఎవరో ఉండే ఉంటారు. వాళ్ళ కథ కూడా మన కథలో భాగమే. మనకు బుచర్ లేడు. కానీ ఇంట్లో తొంభై ఏళ్ళ అవ్వ ఉంటే ఆమెను నాలుగు ప్రశ్నలు అడగవచ్చు. ఇల్లు ఎవరు కట్టారు, దూలం ఎక్కణ్ణుంచి తెచ్చారు, నిట్టాడునూ వాసాన్నీ ఏమని పిలిచేవారు, ఇల్లు అమ్ముకుని పోయినవాళ్ళు ఎటు పోయారు. జవాబులు తేదీ వేసి తెలుగులో రాసిపెట్టండి. ఇల్లు నిలిచి ఉంటే ముందు ఇంటివాళ్ళను నిలబెట్టి ఒక ఫొటో తియ్యండి. ఆర్గానును దొడ్లోకి మోయించనక్కరలేదు. ఇల్లు కనబడేట్టు తియ్యండి.